వాలు మీద ఓరిన్

"ముందు ఆ పైపులు కిందికి దించు. తర్వాత అరుద్దువుగాని," అంది మార్లిస్, ఫోర్క్‌లిఫ్ట్‌కి దూరంగా చెయ్యెత్తి నిలబడి.

మోంటానాలో గాలిమరలు కడుతున్న ఆ గుట్టల మీద, బండ్లకు దారి చూపే పనికి ఆమె చేరింది ఆ ఉదయమే.

"పదకొండేళ్లుగా నడుపుతున్నా," అన్నాడు ఆ బరువులెత్తే బండి క్యాబిన్‌లోంచి ఓరిన్.

"పదకొండేళ్లుగా అదృష్టం బాగుందన్నమాట. వాలు మీద బరువు అంత పైకెత్తుకుని తిరుగుతారా ఎవరైనా? బోల్తా పడితే నీకోసం ఏడ్చేదెవరయ్యా?"

ఎవరూ లేరు అనుకున్నాడు ఓరిన్. పైపుల్ని నేలకి జానెడు ఎత్తుకి దించాడు. మధ్యాహ్నం ఎప్పటిలాగే క్యాబిన్‌లో ఒక్కడే శాండ్‌విచ్ తిన్నాడు. సైటు మారినప్పుడల్లా ట్రైలర్ లాక్కుపోవడమే అతని బతుకు. జాగ్రత్త అని తనకెవరైనా చెప్పి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఆమె క్యాబిన్ అద్దం మీద తట్టేది.

"బెల్టు?"

"మర్చిపోయా."

"రోజూనా?"

"వయసు మీద పడుతోంది."

"ముప్పై నాలుగుకే? పాపం." ఆమె పెదవులు నవ్వేవి కావు, కళ్లు నవ్వేవి.

మే నెలలో మూడు రోజులు వాన వదల్లేదు. నాలుగో రోజు, పైపులు సాయంత్రానికల్లా వాటిని పూడ్చే కందకం దగ్గరికి చేరాల్సిందేనన్నాడు మేస్త్రీ డెల్. మార్లిస్ ముందు నడుస్తూ, బూటుతో నేల నొక్కి చూస్తూ, కందకానికి ఇవతలే ఆగమని చెయ్యెత్తింది.

"ఇంకా పదడుగులుంది, పోనీ," రేడియోలో డెల్ గదిమాడు.

ఓరిన్ ఆమె చేతినే చూశాడు. బండి ఆపేశాడు. కాసేపటికి, డెల్ పొమ్మన్న చోటే కందకం గట్టు జారి నీళ్లలో పడిపోయింది.

మార్లిస్ క్యాబిన్ దగ్గరికొచ్చింది.

"శుక్రవారంతో ఇక్కడ నా పని ఆఖరు. వయోమింగ్ పంపుతున్నారు."

"మంచిది," అన్నాడు ఓరిన్. ఇంకేదో అనాలని తెలుసు. అయినా బండి వెనక్కి తిప్పాడు.

ఆమె వెళ్లాక అద్దం తట్టేవాళ్లు లేరు. రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదతను. చివరికి డెల్‌ని అడిగి ఆమె ఉన్న ఊరి పేరు తెలుసుకున్నాడు.

ఆదివారం ఆ ఊళ్లోని చిన్న హోటల్లో, కిటికీ దగ్గర ఒంటరిగా పాన్‌కేకులు తింటూ కనిపించింది మార్లిస్. ఎదుటి కుర్చీలో ఆమె కోటు ఉంది.

"ఎంత దూరం నుంచి వచ్చావు?"

"మూడొందల మైళ్లు."

"ఎందుకు?"

"ఆ రోజు మంచిదన్నాను. అది అబద్ధం. నువ్వు లేక నాకేం బాగోలేదు మార్లిస్."

ఆమె ఫోర్క్ పక్కన పెట్టింది.

"నాకూ ఇక్కడ పలకరించే దిక్కు లేదు," అంది మెల్లగా. కోటు తీసి ఒళ్లో పెట్టుకుని, పళ్లెం ఇద్దరి మధ్యకీ జరిపింది.

"కూర్చో. చల్లారితే బాగోవు."