తూమునాలుకకు చిక్కని ఇళ్ళు

ఉప్పుమళ్ళపేట చివరి వీధిలో, నీలిరంగు తలుపు మీద ‘ఖాళీ’ ముద్ర వెయ్యబోతూ సుభాషిణి ఆగింది. లోపలినుంచి వేపాకు వాసన వస్తోంది. ఎవరూ లేని ఇంట్లో వేపాకు ఎవరు పరిచినట్టు?

చేతిపలక మీద మాత్రం అంతా సవ్యంగానే ఉంది. ఈ ఇంటి తూము చివర అమర్చిన తూమునాలుక వారం రోజులుగా ఒక్క నీటిచుక్కనీ రుచి చూడలేదు. నీళ్ళు జారని ఇంట్లో మనుషులుండరని, నగరం లెక్కలన్నీ చూసే తూనిక యంత్రం నమ్మకం. మనుషుల్లేని ఇంట్లో రోగముండదు, రోగం లేని పేటకి వైద్యబండి అక్కర్లేదు. మధ్యాహ్నం సైరను కూత వినిపించేలోగా ఈ వీధిలో తూము పలకని మౌనగృహాలన్నిటికీ సుభాషిణి ముద్ర పడితే, వీధి మొదట్లో నిలబడ్డ బండి తనంతట తానే కదిలి మరో పేటకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఇటు వచ్చేది వానలు వెలిశాకే.

ఇదంతా అంతరం తగ్గించడం కోసం. నగరంలో అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్న కాలనీకీ, అన్నిటికన్నా ఎక్కువ రోగాలున్న పేటకీ మధ్య తేడా అది. తూనిక చేతికి పగ్గాలిచ్చిన నాటినుంచీ తగ్గుతూనే వచ్చింది. మొన్న ప్రణాళికా భవనంలో మిఠాయిలు కూడా పంచుకున్నారు.

ఆమెకి మొదట పేటవాళ్ళ మీదే అనుమానం వచ్చింది. నాలుకకి గుడ్డ చుట్టేసి ఏమీ ఎరగనట్టు కూర్చునే ఘనుల్ని చాలామందినే చూసింది. వంగి, వేలు పెట్టి తడిమింది. గుడ్డా లేదు, మైనమూ లేదు. నాలుక ఎండిపోయి ఉంది, అంతే.

“ఇంట్లో ఎవరమ్మా?”

పక్క అరుగు మీంచి నూకాలు అనే ముసలామె లేచి వచ్చింది. “ఎవులూ నేరు. తాళమేసుంది, అగుపడ్డం నేదా?”

“తాళంచెవి నీ కొంగునే వేలాడుతోంది కదా, మామ్మా.”

నూకాలు గబుక్కున కొంగు దోపుకుంది. “అయితే ఏటి? నీల్లు కొలిసీదానివి, నీల్లు కొలుసుకుని బేగెల్లు.”

“లోపల మనిషి ఉంటే ఉందని చెప్పు. లేకపోతే ఈ పూటే బండి వెళ్ళిపోతుంది.”

“ఓలమ్మో! ఎల్లిపోద్దా?” ముసలామె బింకమంతా జారిపోయింది. వీధికి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “నా కోడలుందమ్మా, అప్పలకొండ. అమ్మోరు పోసినాది. కడుపుతో ఉన్నాది తల్లీ. పొద్దున్నించీ పిలిత్తే పలకట్నేదు.”

“మరి ఇంట్లో నీళ్ళు వాడడంలేదా?”

“అమ్మోరున్నింట నీల్లు పారబోత్తారేటి? తానం నేదు, బట్టలుతకడం నేదు, తిరగమోత నేదు. ఒల్లు తుడిసిన నీల్లు కూడా మా తూములో పడకూడదు. కుండలో పట్టి ఉంచీసి, నీల్లోసినాక దూరంగా పారబోత్తాం. మీ ఇల్లల్లో ఇయ్యేటీ తెలవేటి?”

తెలుసు. సుభాషిణి అమ్మమ్మా ఇలాగే చేసేది. తెలిసీ ఇన్నాళ్ళూ తట్టలేదు.

“ఈ మూసిన ఇళ్ళన్నీ ఇంతేనా?”

“ఈ వరసంతా ఇంతే.”

అప్పుడర్థమైంది ఆమెకి. రోగం వస్తే ఈ పేట నీళ్ళు మానేస్తుంది. నీళ్ళు ఆగితే తూనిక ఆ ఇంటిని లెక్కలోంచి తీసేస్తుంది. రోగులు ఎంత పెరిగితే అంతరం అంత తగ్గుతుంది. ఇందుకా మిఠాయిలు పంచుకున్నది! ఒళ్ళు మండిపోయి, చెవిపూస నొక్కి తన పై అధికారి సన్యాసిరావుని పిలిచింది.

“సార్, ఇక్కడ ఖాళీ ఇళ్ళు ఖాళీ కావు. లోపల రోగులున్నారు.”

“తూనిక ఏమంటోంది?”

“ఖాళీ అంటోంది.”

“మరింకేమిటమ్మా? మనిషి మాట వింటే పలుకుబడి ఉన్నవాళ్ళే బండ్లు లాక్కుపోతున్నారనే కదా, సాక్ష్యం తూములకి వదిలేశాం.”

అదీ నిజమే. అందుకే మరో మాట అడిగింది. “అమ్మవారున్న ఇంట్లో నీళ్ళు వాడరని తూనికకి తెలుసా సార్?”



“అవన్నీ నీకెందుకు? ముద్రలేసి వచ్చెయ్.”

తెలియదని అనలేదాయన. తూనిక తెలిసే వదిలేస్తోందా అని సుభాషిణికి అనుమానం వచ్చింది.

పరుగున బండి దగ్గరికి వెళ్ళింది. లోపల డాక్టరు మెహతాబ్ చేతులు కడుక్కుంటోంది. విషయం విని దిగాలుగా తల ఊపింది. “నన్నేం చెయ్యమంటారండీ? తూనిక ఒప్పుకున్న ఇంటికే మందుల అర తెరుచుకుంటుంది. ఖాళీ ఇంటికి సూదిమందు కూడా ఇవ్వదు.”

చేతులు కడిగిన నీళ్ళు గుడగుడమంటూ తొట్టి తూములోకి జారాయి. సుభాషిణి చూపు అక్కడే ఆగిపోయింది.

“ఈ బండికీ నాలుక ఉందా?”

“లేకేం! రోగం తగిలిన బండి ఊరంతా తిరక్కూడదు కదా. రుచి తేడా వస్తే ఎక్కడిదక్కడే ఆపేస్తుంది. మందుల అరలు తెరిచి, చుట్టుపక్కల ఇళ్ళన్నీ చూసేదాకా కదలనివ్వదు.”

సుభాషిణి మళ్ళీ నీలితలుపు దగ్గరికి పరిగెత్తింది. “మామ్మా, ఆ కుండ ఇలా ఇవ్వు.”

“తూములో పొయ్యకూడదన్నాను కదేటి!”

“మీ తూములో పొయ్యను.”

“అమ్మోరికి కోపమొత్తే?”

“నా మీదికే రానీ.”

నూకాలు ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. నమ్మకం కుదిరినట్టు లేదు. లోపలినుంచి సన్నగా మూలుగు వినిపించడంతో మారుమాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళి కుండ తెచ్చిచ్చింది.

వేపాకులు తేలుతున్న ఆ నీళ్ళని సుభాషిణి బండి తొట్టిలో ఒంపేసింది. బండి ఒక్కసారి వణికింది. చక్రాలకి సంకెళ్ళు పడ్డాయి, పైన ఎర్రదీపం వెలిగింది, మందుల అరలన్నీ టపటపా తెరుచుకున్నాయి. మెహతాబ్ అందినన్ని మందులు సంచిలో వేసుకుని నీలితలుపు వైపు పరిగెత్తింది. నూకాలు తాళం తీసింది.

“సుభాషిణీ! ఏం చేశావు?” చెవిపూసలో సన్యాసిరావు అరిచారు. “అంతరం పెరిగిపోతోంది!”

“అది ఎప్పుడో పెరిగింది సార్. ఇవాళ కనబడింది.”

ఆ మాట పూర్తవుతుండగానే వెనక టక్కుమని చప్పుడైంది. ఎవరూ ముట్టుకోకుండానే తొట్టి తూము మూసుకుపోయింది. చేతిపలక మీద అక్షరాలు వచ్చాయి: ‘ఒక్క తూము సాక్ష్యం చాలదు. కూత లోపు మరో తూము పలకకపోతే బండి విడుదల.’

ఇందాకటి అనుమానం ఇప్పుడు అనుమానంగా మిగల్లేదు. ఈ తూనికకి అంతా తెలుసు, కావాలనే చెవులు మూసుకుంటోంది అనుకుంది సుభాషిణి. భయమేసింది. భయాన్ని మించి కోపం వచ్చింది.

బండి దిగేసరికి ఎదురుగా వీధి వీధంతా నిలబడి ఉంది. మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒక్కో ఆడమనిషి చంకలో ఒక్కో కుండ.

“ఇయ్యెక్కడ పొయ్యాలమ్మా?” ముందున్నామె అడిగింది.

ఈ పేట తూముల్లో పొయ్యకూడదు. సుభాషిణి తలెత్తి గుట్టమీది అధికారుల కాలనీ వైపు చూసింది. అక్కడి తూములు ఏం పలికినా తూనిక ఇంతవరకూ కాదనలేదు. వాటిలో ఒకటి ఆమె ఇంటిది.

“మా ఇంట్లో,” అంది. “కూత కుయ్యకముందే గుట్ట ఎక్కేద్దాం, పదండి.”

అని, వాళ్ళలో అందరికన్నా పెద్దావిడ చంకలోని కుండ అందుకుని తన చంకకెత్తుకుంది.