అటక మీద పసుపు వైరు

"ఎవరండీ ఈ వైర్లు చుట్టింది? చేతులతోనా, కాళ్లతోనా?"

అటక మీంచి మెకానిక్ వేసిన ప్రశ్నకి, కింద నిచ్చెన పట్టుకున్న అమ్మాయి తలెత్తి చూసింది. తరవాత చాలా మర్యాదగా, "మా నాన్న. చేతులతోనే. పోయి మూడేళ్లయింది" అంది.

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని వాళ్లమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. చూడగానే నచ్చిన అమ్మాయితో మొదటి మాటే ఇలా ఏడ్చింది.

ఆ అమ్మాయి హైస్కూల్లో లెక్కల టీచరు. తండ్రి మోటార్లకి వైండింగ్ చేసేవాడు. పడగొట్టబోతున్న ఓ ఆఫీసులోంచి పాత సెంట్రల్ ఏసీ కొనితెచ్చి, ఇల్లంతా గాలి గొట్టాలు తనే అమర్చి, వైరింగ్ సగంలో ఉండగా గుండె ఆగి పోయాడు. ఇన్నాళ్లకి తల్లీకూతుళ్లు మనసు గట్టి చేసుకుని, మిగిలిన పనికి మెకానిక్‌ని పిలిచారు.

టీచరు తండ్రిది ఎడమచేతి వాటం. స్క్రూ చుట్టూ తీగని అందరూ కుడివైపు తిప్పితే ఆయన ఎడమవైపు తిప్పాడు. అలా చుడితే స్క్రూ బిగించేకొద్దీ తీగ బయటికి జారుతుంది. మెకానిక్ ఆ పాత కొసలన్నీ కత్తిరించేసి, కొత్తగా ఒలిచి, కుడివైపు చుట్టి బిగించాడు. పెరట్లో ఉన్న పెద్ద మిషన్‌కి కరెంటిచ్చాడు. గొట్టాలు ఒక్కసారి నిట్టూర్చాయి. అచ్చం మనిషిలాగే. ఆ తరవాత అన్ని గదుల్లోకీ చల్లగాలి వచ్చింది.

మూడో రోజు టీచరు ఫోన్ చేసింది. గాలి వస్తోంది కానీ చల్లగా లేదంది.

మెకానిక్ అటకెక్కి వైర్ల పెట్టె మూత తీశాడు. కంప్రెసర్‌ని నడిపించే పసుపు వైరు స్క్రూలోంచి జారి వేలాడుతోంది. దాని కొస ఎడమవైపు చుట్టి ఉంది.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా అతని వెన్నులో చలి పుట్టింది. తను చుట్టింది కుడివైపు. అన్నం తినే చెయ్యి ఏదో మరిచిపోతాడేమో గానీ ఇది మరిచిపోడు. మళ్లీ సరిగా బిగించి, కిందికి దిగి, లూజ్ కనెక్షనని చెప్పాడు.

"బిగించింది మీరేగా?" అంది టీచరు.

"నేనేనండీ."

"కాళ్లతోనా?"

అలా అని నవ్వింది. ఆ నవ్వుకి అతని భయం సగం పోయింది. మిగతా సగం పదిరోజుల తరవాత వడ్డీతో సహా తిరిగొచ్చింది. మళ్లీ అదే వైరు, మళ్లీ ఎడమవైపు చుట్టు. మెయిన్ ఆపేసి పెరట్లోకి వెళ్లి చూస్తే, మిషన్ మీద ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. గాలికేలే అని సర్దిచెప్పుకున్నాడు. పక్కనున్న చెట్టుకి ఒక్క ఆకూ కదలడం లేదు.

పాపం, అతని పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యి. వైరు ఊడితే ప్రాణం ఝల్లుమంటుంది. ఊడకపోతే ఆ గుమ్మం తొక్కడానికి సాకు లేదు. పోనీ జరిగింది చెప్పేద్దామా అంటే, మొదటిరోజే తండ్రిని అంత మాటన్నవాడు, ఇప్పుడు పోయినాయన పేరుతో పరాచికాలాడుతున్నాడనుకుంటే? ఇక జన్మలో మొహం చూడదు. ఆ ఒక్క భయంతో నోరు కుట్టేసుకున్నాడు.

నెల తిరిగాక మళ్లీ ఫోనొచ్చింది. మీ లూజ్ కనెక్షన్ మళ్లీ వచ్చిందని చెబుతూ టీచరు నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి ఇల్లు చీకటిగా ఉంది. మెయిన్ ఆపి అటకెక్కిన మెకానిక్ టార్చి వేసి చూశాడు, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, దేన్నీ ముట్టకుండా దిగొచ్చాడు.

ఏమనుకుంటే అనుకోనీ అని, మొత్తం చెప్పేశాడు.

టీచరు మొహం కందగడ్డయింది. "మొదటి రెండుసార్లూ నేనే" అంది నేల చూస్తూ. "నాదీ ఎడమచెయ్యే. నాన్న నేర్పిన చుట్టు."

"ఎందుకండీ?"

"పనైపోతే మీరు రారు కదా."

ఎప్పుడు మొదలైందో గానీ కిటికీ అవతల వాన పడుతోంది. మెకానిక్‌కి అదీ వినపడలేదు.

"మరి ఈసారి?"

"ఈసారి మీరనుకున్నా. నాలాగే, నన్ను చూడ్డానికి కావాలనే వదులుగా బిగించి వెళ్లారనుకున్నా. అందుకే అంత సంతోషంగా ఫోన్ చేశా."

"నేను కాదండీ. నాకంత తెలివి లేదు. ఇష్టం మాత్రం మొదటిరోజు నుంచీ ఉంది."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. అప్పుడు తట్టింది ఇద్దరికీ. మరి ఎవరు? తల్లికి మోకాళ్ల నొప్పులు, గడప దాటడమే కష్టం. మెయిన్ ఆపే ఉంది. అయినా పైన గొట్టంలో ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. టీచరు చటుక్కున అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

గోడ పట్టుకుంటూ తల్లి వచ్చింది. అన్నీ విన్నట్టుంది, ఫొటో చూపించమంది. మెకానిక్ దాన్ని పెద్దది చేసి చూపించాడు. తను కటింగ్ ప్లేయర్‌తో నున్నగా ఒలిచిన కొస కాదది. పసుపు ప్లాస్టిక్ మీద పళ్లతో కొరికిన గుర్తులున్నాయి. నడుమ ఒక పన్ను ఖాళీ.

ఆవిడ ఫోన్ కళ్లకి దగ్గరగా పట్టుకుంది. "మీ నాన్న ముందు పన్ను వైర్లు కొరికే విరగ్గొట్టుకున్నాడు. వద్దంటే వినేవాడా?" అంది మెల్లగా.

ఆవిడ కళ్లొత్తుకుంది. అతని చొక్కా ఇంకా వదలని కూతురి చేతిని చూసింది. తరవాత తలెత్తి, అటకకేసి, పక్కగదిలో ఉన్న మనిషితో అన్నట్టే అంది.

"సరేలెండి, అబ్బాయిని నేనూ చూశాను. ఇంక ఆ వైరు జోలికి పోకండి."

పైన గొట్టం సద్దుమణిగింది. ఇన్నాళ్లూ మెకానిక్ గారూ అని పిలిచిన ఆవిడ అతని వైపు తిరిగింది.

"బాబూ, రేపు మీ అమ్మని తీసుకురా."