తూకం లేని మాట

వినుగోడ ముందు వరస కదిలింది. మాణిక్యం చేతులకంటిన చలువజిగురును కొంగుకు తుడుచుకుని ముందుకు జరిగింది. ఎండెక్కాక చలువ చొక్కా లేకపోతే రెంటచింతల చల్లవాడలో జబ్బు మనుషులెవరికీ కాళ్ళు పలకవు, చూపు మసకబారుతుంది. నరపొర జబ్బు అంతే. చొక్కాలు నింపేది తల్లులే. అవి నింపాక బిడ్డ ఎట్టా ఉందో వినుగోడకు పూటమాట చెప్పాలి.

"చెప్పండి," అంది గోడ.

"చంద్రిక తల్లిని. పిల్ల ఒంటేలులో నెత్తుటి జీర కనపడింది. నీళ్ళు పోసేలోపు నేనే చూశా. లోచూపు బండి పంపి ఒంటి లోపల చూడండి."

గోడలో ఆమె మాట తూకం చూపే దీపం మిణుగురంతే వెలిగింది.

"మూత్రాశయపు ఇబ్బంది నరపొర జబ్బులో ఉండేదే. నీళ్ళు ఎక్కువ తాగించండి."

"నెత్తురండీ. నరాల్లోంచి నెత్తురొస్తదా?"

"తర్వాతి తల్లి."

తప్పు తనదేనని మాణిక్యానికి తెలుసు. చంద్రికకు ఇచ్చే మందు, నరాల పొరను కొరుక్కుతినే ఒంటి కాపలాను జోకొడుతుంది. కాపలా నిద్రపోతే దొంగ రాడా? ఆ దొంగ పేరు క్యాన్సర్. మందు మొదలైన నాటి నుంచీ కూతురి మెడ మీద పొక్కు లేచినా, దగ్గొచ్చినా, అన్నం సయించకపోయినా గోడ దగ్గరికి పరిగెత్తింది. ఒక్కటీ నిజం కాలేదు. కాకపోయిన ప్రతిసారీ దీపం కాస్త కుంగింది. చంద్రిక తానే చెప్పుకుందామన్నా కుదరదు. నరాలు అబద్ధాలు చెబుతాయని జబ్బు మనుషుల మాటకు అసలు తూకమే పెట్టలేదు.

"అమ్మా, నీకు దగ్గొస్తే క్యాన్సరు, తగ్గితే క్యాన్సరు," అని వెక్కిరించే పిల్ల, ఈసారి నెత్తురు చూసి నవ్వలేదు. మంచంలో అటు తిరిగి పడుకుంది.

వరసలో వెనకే ఉన్న వకుళ ముందుకొచ్చింది. ఆమె దీపం పెళ్ళిపందిట్లో లైటులా భగ్గుమంది. "మా మురారి బాగున్నాడు," అని మూడు ముక్కల్లో ముగించి వెళ్ళిపోయింది. ఎండాకాలం మొదట్లో ఇదే వకుళ, "మావాడి వీపు మీద మచ్చ ముదిరినట్టుంది," అని మెల్లగా అంటే, ఆమె ఇల్లు చేరకముందే లోచూపు బండి గుమ్మంలో నిలబడింది. అది క్యాన్సరే. చిన్నగా ఉండగానే తీసేశారు. బిడ్డకు క్యాన్సరొచ్చిన తల్లిని చూసి కుళ్ళుకున్న ఆడది లోకంలో తనొక్కతేనేమోననుకుంది మాణిక్యం. అయినా కుళ్ళు ఆగలేదు.

షెడ్డులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చొక్కాలు కుడుతున్నారు.

"ఏంది, సూది చొక్కాకి గుచ్చుతున్నావా, నాకు గుచ్చుతున్నావా?" అంది వకుళ.

"నీకేం తల్లీ. నువ్వు తుమ్మితే బండొస్తది. నేను ఏడ్చినా రాదు." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "వకుళా, ఆ నెత్తురు మీవాడికని చెప్పు. బండొచ్చాక మా పిల్లని పడుకోబెడతా."

"అబద్ధం చెప్పలేను. రేపు మురారికి మళ్ళీ మచ్చొస్తే? నా మాటా నీ మాటలాగే అయితే?"

"అంతేలే. తూకం ఉన్నమ్మకే భయం."

వకుళ సూది పక్కన పెట్టింది. "ఉన్నమ్మ సంగతి చెప్తా విను. ఆ మచ్చ నేను పోయిన వానల్లోనే చూశా. తప్పయితే తూకం పోద్దని నోరు మెదపలా. రోజూ వాడికి స్నానం చేయిస్తా, వీపు రుద్దుతా, చూడనట్టే ఉన్నా. ఈ దీపం అట్టా వెలిగింది."

మాణిక్యం చేతిలోని చొక్కాను కింద పెట్టింది. ఇన్నాళ్ళూ ఈమెను చూసా తాను ఏడ్చింది?

మర్నాడు వరసలో వకుళ ముందు నిలబడింది.

"మావాడు బాగున్నాడు. మాణిక్యం కూతురికి నెత్తురు పడుతోంది."

"మీరు చూశారా?"

"లేదు. వాళ్ళమ్మ చూసింది."

"ఆమె మాటకు తూకం చాలదు."

"నా మాటకుందిగా. ఆమె మాట నేను నమ్ముతున్నా. అది రాసుకో."

గోడ ఆగింది. అది ఆగడం చల్లవాడలో ఎవరూ చూసి ఎరగరు.

"ఆమె మాట తప్పయితే మీ తూకమూ పోతుంది."

"పోనీ."

వకుళ దీపం దిగింది. మాణిక్యం దీపం లేచింది. రెండూ ఒక ఎత్తున నిలిచాయి. కాసేపటికి లోచూపు బండి చప్పుడు చంద్రిక ఇంటివైపు సాగింది. ఇప్పుడు కూడా బండి వకుళ నోటితోనే రావాలా అని మాణిక్యం మనసు ఒక మూల చిటపటలాడింది. అయినా వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. వకుళ ఆ చెయ్యి వదలకుండా అడిగింది.

"ఏం లేదనే వస్తది గదా, మాణిక్యం?"

"ఏం లేదని వస్తే నీ తూకం పోద్ది."

"తెలుసు. అయినా అదే రావాలని మొక్కుకో. పో, పిల్ల దగ్గరికి పో."

మాణిక్యం బండి వెనకాల పరిగెత్తింది.

"తర్వాతి తల్లి," అంది గోడ.

ఎవరూ ముందుకు రాలేదు. వరసలోని ఆడవాళ్ళు గోడకు వీపు తిప్పి, ఒకరి బిడ్డ సంగతి ఒకరికి చెప్పుకుంటున్నారు.

"తర్వాతి తల్లి," అని మళ్ళీ పిలిచింది గోడ.