బంక ఆరేదాకా

"సిలికాన్ ట్యూబులు ఓ నాలుగు ఇవ్వండి," అన్నాడతను.

"దేనికి?" అంది మార్లిస్, కౌంటర్ వెనక నుంచి తలెత్తకుండానే.

"పాత క్యాంపర్‌కి. మూలల్లో నీళ్లు కారుతున్నాయి."

"అయితే ఇవ్వను. పాత రేకు మీద సిలికాన్ పూయడమంటే పుండు మీద పట్టీ వేసి లోపల కుళ్లనివ్వడమే. అంచులు ఊడదీసి, కింద కొత్త బంక పట్టీ పెట్టి మళ్లీ బిగించాలి."

"మీరిక్కడ సరుకులు అమ్ముతారా, అమ్ముడుపోకుండా కాపలా కాస్తారా?"

మార్లిస్‌కి ఒళ్లు మండింది. ఆ విసురుతోనే బండి చూడ్డానికి బయటికి వెళ్లింది. వెళ్లి, అక్కడే నిలబడిపోయింది.

పికప్ ట్రక్కు వీపు మీదున్న ఆ రేకు గది ఆమె తాతయ్యది. పసుపు చార వెలిసిపోయింది గాని, తలుపు పక్కన కాఫీ డబ్బా మూతతో ఆయన వేసిన అతుకు చెక్కుచెదరలేదు. ఆయన పోయాక రోజూ దాన్ని చూడలేక అమ్మమ్మ డెల్లా అమ్మేసింది. చిన్నప్పుడు వేసవులన్నీ వాలోవా సరస్సు ఒడ్డున అందులోనే గడిచాయి. డ్రైవరు సీటు పైకి చొచ్చుకొచ్చే అరలో పరుపు మీద పడుకుని, ముక్కుకి జానెడు దూరంలో రేకు మీద వాన చప్పుడు వింటూ నిద్రపోయేది. అలాంటి నిద్ర మళ్లీ ఏ ఇంట్లోనూ పట్టలేదు.

"పైనంతా బూడిద రంగు కొట్టించి, మంచు పడేలోగా వెచ్చగా ఉండే అరిజోనా వెళ్లిపోతాను," అన్నాడతను. పేరు ఎమెట్. ఊరూరా తిరిగి పియానోలు శ్రుతి చేస్తాడట.

మార్లిస్ ఆ చార మీద చెయ్యి వేసింది. "ఇది మా తాతయ్యది. మా పెరట్లో పెట్టండి. సెలవురోజుల్లో నేనే నేర్పిస్తా. డబ్బులు అక్కర్లేదు. చార మాత్రం పసుపే ఉండాలి."

అలా మొదలైంది. మరలు ఊడదీశారు. ఎండి రాయైపోయిన పాత బంక గీకారు. పుచ్చిన మూల కర్రలు మార్చారు, సొట్టలు సరిచేశారు, కొత్త దీపాలు బిగించారు. ఒక్కో పక్కా పూర్తయినప్పుడల్లా మార్లిస్ గంభీరంగా చెప్పేది: "బంక వారం ఆరాలి. అప్పటిదాకా ఇంకో పక్క ముట్టుకోకూడదు."

ఓ మధ్యాహ్నం వాన పట్టుకుంటే ఇద్దరూ లోపల దూరారు.

"మీ రేకు మీద వాన కూడా శ్రుతి తప్పి మోగుతోంది," అన్నాడు ఎమెట్.

"దాన్ని గాని సరిచేశావా, ఊరుకోను."

ఆమె నోటివెంట 'నువ్వు' జారింది. అతను విననట్టు నటించాడు గాని చెవులు ఎర్రబడ్డాయి.

పనైపోతే బండీ పోతుంది, మనిషీ పోతాడు. మొదట్లో ఆమె బెంగంతా బండి మీదే. ఇప్పుడు అలా అని ఒట్టేసే ధైర్యం ఆమెకి లేదు. కొండల నెత్తిన తొలి మంచు కనబడగానే, "చలికి బంక ఇంకాస్త ఆలస్యంగా ఆరుతుంది," అంది.

ఆ ఆదివారం డెల్లా హకల్‌బెర్రీ పళ్లు కూరి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని వచ్చింది. నిగనిగలాడే పసుపు చార చూసింది. కాఫీ డబ్బా మూత మీద అరచెయ్యి ఆనించింది.

"ముస్తాబంతా అయ్యిందిగా. ఇంకా బయల్దేరలేదేం అబ్బాయ్?" అంది కళ్లు తుడుచుకుని.

"బంక ఆరాలటండీ."

"బంక ఆరడమేంటి? మెత్తగా ఉన్నన్నాళ్లే అది నీళ్లు ఆపేది. ఆరితే దాని పనైపోయినట్టే. ఈ సంగతి మా పిల్లకి పాలపళ్లు ఊడకముందే తెలుసు. తాతకి పట్టీలు కత్తిరించి ఇచ్చింది ఇదే కదా."

మార్లిస్‌కి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాకూ తెలుసండీ," అన్నాడు ఎమెట్ మెల్లగా. "మొదటిరోజే బంక పెట్టె మీద చదివాను."

"మరి నోరు విప్పలేదేం?" అంది మార్లిస్.

"ఆరిందని నువ్వంటావేమోనని భయపడుతూ కూర్చున్నా."

ఆమె ఇక దాచుకోలేకపోయింది. "వెళ్లకు. బండి కోసం అడగట్లేదు."

"ఈ చలికి మీ ఊరి పియానోలన్నీ శ్రుతి తప్పుతాయి," అన్నాడతను. "ఎవరో ఒకరు ఉండాలిగా."

డెల్లా ఇద్దర్నీ చూసి, ట్రక్కు తలుపు తీసింది. "మంచుకి రోడ్డు మూసేలోగా నన్నోసారి సరస్సుకి తీసుకెళ్లండి. కిటికీ పక్కన నేను కూర్చుంటా. డ్రైవరు పక్కనుండే ఆ మధ్య చోటు అప్పట్లో నాది. గేరుకి అడ్డమొస్తున్నావని సణిగేవాడే గాని, మీ తాత ఒక్కనాడూ నన్ను పక్కకి జరగనివ్వలేదు."

మార్లిస్ ఎక్కి మధ్యలో కూర్చుంది. ఎమెట్ గేరు వేయడానికి కాస్త ఇబ్బంది పడ్డాడు. జరగమని మాత్రం అనలేదు.