రెండో సంతకం

దేశ రాజధానిలోని జనక్‌పురిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి. మూడో అంతస్తు వార్డు చివర మందుల గది. రాత్రి రెండు దాటాక ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళకూడదంటారు నర్సులు. పదేళ్ళ క్రితం ఓ సిస్టరు అక్కడే కొలత తప్పి ఇంజెక్షన్ నింపిందట... రోగి పోయాడు. నెల తిరక్కుండా ఆమె కూడా పోయింది. ఆమె పేరు ఇప్పుడు తెలిసింది ఇన్‌ఛార్జి ఇంద్రాణి ఒక్కదానికే. ఆవిడ ఆ పేరు నోట రానివ్వదు.

నర్సు సునందకి దెయ్యాలంటే లెక్కలేదు. బాధల్లా నడుముతోనే. రోగుల్ని ఎత్తీ ఎత్తీ డిస్కు జారింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, "మగతగా ఉంటుంది, డ్యూటీలో చెప్పండి" అన్నాడు. సునంద చెప్పలేదు. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంటికి పొమ్మంటారని హడలు. ఆ చీటీ మడిచి బ్యాగు అడుగున దాచుకుంది.

ఆ రాత్రి తొమ్మిదో బెడ్డు రామమూర్తిగారికి షుగరు పెరిగింది. ఇన్సులిన్ నాలుగు యూనిట్లు ఇవ్వాలి. నింపాక ఇంకో నర్సు కొలత పైకి చదివి, రిజిస్టరులో రెండో సంతకం పెట్టాలన్నది అక్కడి నియమం. తోడు నర్సేమో ఎమర్జెన్సీకి పరుగెత్తింది. సునంద ఒక్కతే గదిలోకి వెళ్ళింది. అరగంట క్రితం వేసుకున్న మాత్రకి కళ్ళు మూతలు పడుతున్నాయి.

సిరంజి నింపింది. గుమ్మం వైపు తిరిగింది...

"మళ్ళీ చదువమ్మా."

చెవి పక్కనే — గుసగుసగా. తెలుగులో. ఆ రాత్రి డ్యూటీలో తను తప్ప తెలుగువాళ్ళే లేరు.

ట్రే పక్కన ఓ చెయ్యి. పాలిపోయిన వేలు సిరంజిని చూపిస్తోంది.

"నా... నాలుగు," అంది సునంద.

"మళ్ళీ."

కళ్ళు నులుముకుని చూసింది. సిరంజి నిండా మందు — నలభై యూనిట్లు.

ఇంకో నిమిషమైతే ఆ పెద్దాయన నిద్రలోనే... సునంద అది పారబోసి, నాలుగే నింపి, చదివింది.

"నాలుగు," అంది వెనక నుంచి ఆ గొంతు. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

తెల్లారింది. రామమూర్తిగారు లేచి దర్జాగా పంచదార టీ అడిగారు. సునంద ఇంద్రాణి ముందు చీటీ పెట్టి, ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"ముందే చెబితే నిన్ను తినేస్తానా? ఉద్యోగం ఎక్కడికీ పోదులే. నొప్పి తగ్గేదాకా పగలు ఓపీలో కూర్చో, సూది ముట్టుకోకు," అంది ఇంద్రాణి. రిజిస్టరు తెరిచింది. "దెయ్యం లేదు, గియ్యం లేదు. మాత్రల మత్తు. చూడు, రెండో సంతకం కూడా నీ చేతిరాతే."

సునంద వంగి చూసింది. నిజమే, తన రాతే. రాసినట్టు మాత్రం గుర్తులేదు.

ఇంద్రాణి వేలు ఆ గీత మీదే ఆగిపోయింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివింది.

"ఈ పేరు... నీకెవరు చెప్పారే?"

"అన్నపూర్ణేశ్వరి," అని చదివింది సునంద. "ఎవరు మేడమ్ ఈవిడ?"

ఇంద్రాణి రిజిస్టరు మూసేసింది.