ఊర్మిళ గీత

రామ్మోహన్‌రావు దొర చందా ఇస్తున్నడని పక్కింటి పుష్పమ్మ అన్నదట. ఆ మాటకు నీళ్ళు మోసే ఎల్లక్క నెత్తిమీది బిందె దించకుండనే నవ్విందట. ఎన్నడూ బిచ్చగానికి పిడికెడు గింజలెయ్యనోడు, దొరలమీద తిరగబడ్డ సంఘమోళ్ళకు భయపడి గడీ ఇడిసి జనగామల అద్దె ఇంట్ల పడ్డంక దానకర్ణుడైండా అని.

ముచ్చట నిజమే. కొన్ని రోగాలు వంశంలోంచే పసిపిల్లలకెట్ల వస్తయో పట్నం దవాఖానల పరిశోధన చేస్తరట. దానికి చందాలు పోగెయ్యను డాక్టరు రవీందర్ తిరుగుతున్నడు. డోర్నకల్ రైల్వే గార్డు కొడుకు, గుంట భూమి లేదు. దొర పెద్దకూతురు సులోచనను మేనబావకే ఇచ్చిండ్రు. ఆమె కొడుకు ఐదేండ్లొచ్చినా నిలబడడు. దొర ఇచ్చేది మాత్రం మనుమని కోసం కాదు, దవాఖాన గోడమీది రాతిపలకల తన పేరు ముందుండాలని.

చందాతోపాటు ఎవరిని ఎవరికిచ్చిండ్రో కూడా రవీందర్ అడుగుతడు. మూడు తరాలుగా బయటి సంబంధమే చెయ్యలేదని దొర మీసం దువ్వి పెండ్లిళ్ళన్నీ అప్పజెప్పిండు. రవీందర్ వాటిని సుద్దముక్కతో అరుగుబండ మీద గీసిండు. గీతలన్నీ చుట్టు తిరిగి మొదటికే వచ్చినయ్.

దొర లోపలికి పోంగనే, చాయ్ తెచ్చిన చిన్నకూతురు ఊర్మిళ వంగి చూసింది.

"డాక్టర్ సాబ్, తొవ్వ తప్పినట్టున్నరు. మా ఇంట్లనే తిరుగుతున్నరు."

"తొవ్వ ఉంటే గద, పోయేటందుకు."

"మరి నా గీతేది?"

"ఇంకా గియ్యలే." సుద్దముక్క చేతిల ఆగింది. "మీరు సరేనంటే బయటికి గీస్త."

చాయ్ చల్లారింది. ఒక్క చందా కోసం రవీందర్ మళ్ళ మళ్ళ వచ్చిండు. ఎంత కచ్చితమైన పరిశోధనో అని దొర మురిసిండు.

చందా సభల దొర గంటసేపు మాట్లాడిండు. పసిపిల్లల రోగాలను వేర్లతో పీకెయ్యాలన్నడు. చప్పట్లు మోగినయ్. ఆ ఊపులనే ఊర్మిళను ఆమె మేనమామ నర్సింగరావుకిస్తున్నట్టు చాటిండు. మళ్ళ చప్పట్లు.

రవీందర్ చేతులు కలువలే. లేచి నిలబడ్డడు.

"దొరా, ఊర్మిళను నాకియ్యుండ్రి."

"నీకిస్తే మా భూములు బయటోళ్ళ పాలు గావా?"

పక్కన కూసున్న సులోచన ఒళ్ళోని పిల్లగాణ్ణి ఊర్మిళ చూసింది.

"భూములు సంఘమోళ్ళు పంచుకున్నరు, బాపూ. ఇంట్ల మిగిలింది గీ పోరని రోగమొక్కటే. గది బయటికి పోవద్దనా, నన్ను మామకిస్తున్నవ్?"