గాలి కట్టిన గది

ఆ రోజుల్లో విశాఖలో ఏ హోటలుకు వెళ్ళినా బల్ల మీదికి మంచినీళ్ళ కంటే ముందు ఆవిరి వచ్చేది. సిగరెట్టును దేశం నుంచి సాగనంపి ఓ తరం గడిచిపోయింది. మ్యూజియంలో అద్దం వెనక దాన్ని చూసి పిల్లలు ముక్కు మూసుకునేవారు. కానీ ఊదే సరదా అంత తేలిగ్గా పోతుందా? వేలెడు వెండి గొట్టాల్లోకి దూరింది. పెసరట్టుతో యాలకుల ఆవిరి, బిర్యానీ అయ్యాక మొగలిపువ్వు ఆవిరి. వెనకటికి సిగరెట్టు ముట్టించినవాణ్ణి ఫుట్‌పాత్ మీదికి తరిమిన జనమే ఇప్పుడు గొట్టాలవాళ్ళ పక్క బల్ల ఖాళీగా ఉందా అని అడిగి మరీ కూర్చునేవారు. "పొగ కాదండీ, ఆవిరి" అనే ఒక్క మాట చాలు, ఎక్కడైనా ఊదుకోవచ్చు. ముక్కును మెప్పించినవాడికి ఊరంతా చుట్టాలే. ఊపిరితిత్తుల తరఫున అడిగే నాథుడు లేడు.

అడిగింది ఒక్కర్తే. ఆవిడ డాక్టర్ మైలపల్లి నూకరత్నం, వాయుశాస్త్రవేత్త.

ఆవిడ తండ్రి అప్పలకొండ సిగరెట్టు రాజ్యమేలిన చివరి రోజుల్లో ఓ బారులో సర్వరు. బీడీ కూడా ముట్టని మనిషి. నిండిపోయిన యాష్‌ట్రేను బల్ల మీంచి ఊరికే తీయకూడదు, ఫ్యాను గాలికి బూడిద ఎగిరి తినేవాళ్ళ కంచాల్లో పడుతుంది. అందుకని శుభ్రమైన యాష్‌ట్రేను దాని మీద బోర్లించి రెండూ కలిపి ఎత్తేవాడు. కంచాల మీద అంత శ్రద్ధ పెట్టిన ఆ వృత్తిలో, ఎత్తేవాడి ఊపిరి గురించి ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఆయనకు ఆవిరి కాస్త సోకినా చాలు, దగ్గుతో మెలికలు తిరిగిపోతాడు. మామూలు గాలిలో కూడా దగ్గు పూర్తిగా వదలదు. ఉద్యోగం మానేశాక హోటలు గడప తొక్కింది లేదు.

"ఒక్కపాలి కుర్సీలో కూకుని, ఎవులో ఒడ్డిస్తే తినాలనుందే" అన్నాడు ఒకసారి, నవ్వుతూనే. ఆ మాట కూతురి గుండెలో ముల్లులా దిగిపోయింది. దాని కోసమే పవనిక పుట్టింది.

పవనం, యవనిక కలిపి ఆవిడే పెట్టుకున్న పేరది. గాలితోనే గాలికి తెర. హోటలు కప్పులో ఆవగింజంత ఎమిటర్లు లక్షల్లో ఉంటాయి. చెవికి అందని అతిధ్వనితో అవి గాలిలో ఒక పలుచని పొరను బిగబట్టి ఉంచుతాయి. మనిషి అందులోంచి నడిచి వెళ్ళిపోవచ్చు, ఫ్యాను కింద నుంచి వెళ్ళినట్టు మొహానికి కాస్త చల్లగా తగులుతుందంతే. పొగ, ఆవిరి, తుంపర మాత్రం దాటలేవు. మాటల చప్పుడు కూడా సగానికి సగం తగ్గిపోతుంది.

మరి గోడ ఎవరి చుట్టూ లేవాలి? నూకరత్నం బాగా ఆలోచించింది ఇక్కడే. యజమానులను ఆవిడ నమ్మదు. ఒక్క ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి బాబూ అని తండ్రి ఎంత బతిమాలినా పెట్టించలేదు వాళ్ళు. అందుకని తీర్పు జనానికే వదిలేసింది. ముడుచుకున్న ముక్కు, పక్కకు తిరిగిన మెడ, వెనక్కి జరిగిన కుర్చీ, వీటిని కెమెరాలు చదువుతాయి. ఎవరి ఊపిరి పదిమందికీ గిట్టదో వాళ్ళ చుట్టూ గోడ లేస్తుంది. మనిషి నోటితో ఇచ్చే ఆజ్ఞ కాసేపే పనిచేస్తుంది, తరవాత మళ్ళీ జనం మొహాలదే మాట. "నాక్కూడా లొంగదు" అని ఆవిడ గర్వంగా చెప్పుకునేది.

సముద్రం పాత బీచ్ రోడ్డును మింగేశాక నీళ్ళలో స్తంభాల మీద కట్టిన 'అలలమేడ' హోటల్లో పవనికను బిగించారు. గోడలు కట్టకుండా, కొన్ని నెలలపాటు కేవలం మొహాలు చదవడం నేర్పారు. ఆ సాయంత్రమే మొదటిసారి గోడలు లేస్తాయి.

అప్పలకొండ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలో నాలుగు దగ్గులు దగ్గి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర కుర్చీ అంచున కూర్చున్నాడు. యజమాని కామేశం స్వయంగా వచ్చి, "ఏం తీసుకుంటారు పెదనాన్నగారూ?" అని అడిగితే ముసలాయన లేవబోయి, మళ్ళీ తమాయించుకున్నాడు.

"వంజరం వేపుడుందా బాబూ? ఏడన్నం?"

నూకరత్నం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గర ట్యాబ్ పట్టుకుని నిలబడింది. తండ్రి జీవితమంతా ట్రే పట్టుకుని నిలబడ్డ చోటు అలాంటిదే. ఈ ఒక్క పూటా అక్కడ తాను నిలబడి ఆయన్ని చూడాలనుకుంది.

తండ్రికి రెండు బల్లల అవతల ఎవరిదో పుట్టినరోజు. కేకు కోయగానే నలుగురు గొట్టాలు తీశారు. తెల్లటి ఆవిరి ఉండలు ఉండలుగా లేచి కిటికీ వైపు కదిలింది. ఆవిరి తండ్రి భుజం దాకా వచ్చింది. వచ్చి, ఆగిపోయింది.

గాలిలో ఏమీ లేనిచోట అది నిలువునా ఆనుకుని, పైకి పాకి, అస్తమించే సూర్యుడి వెలుగులో బంగారు పూత పెట్టిన అద్దంలా నిలబడింది. అవతల ముసలాయన నోట్లో ముద్ద పెట్టుకుంటూ ఆగి, దాని వైపు చూశాడు. చెయ్యి చాపాడు. వేళ్ళు పొర దాటి వెళ్ళాయి, ఆవిరి మాత్రం రాలేదు. ఆయన మొహం విప్పారింది. ఆ క్షణం కోసం ఇన్నేళ్ళు పడ్డ కష్టమంతా ఆవిడకు ఇట్టే తీరిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

తుడుచుకున్న కళ్ళతో చూస్తే ఒక విషయం కనబడింది. కిటికీ వైపు వెళ్ళలేని ఆవిరి హాలంతా తిరుగుతోంది. ఒక తల్లి ఒళ్ళో పిల్లవాడు దాన్ని గుప్పెటతో పట్టుకోబోతున్నాడు.

"పవనికా, గోడలకు రంగు వెయ్యి" అంది మెల్లగా.

"అలాగేనండి" అంది యంత్రం చెవిలో.

కప్పు నుంచి నీలి వెలుగు దిగింది. హాలు మొత్తానికి గోడ కట్టింది ఒక్కచోటే. నీలి గది లోపల అప్పలకొండ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పుట్టినరోజు బల్ల చుట్టూ ఏమీ లేదు.

"అదేంటి? ఊదుతున్నది వాళ్ళు కదా?"

"వాళ్ళ వాసన అందరికీ నచ్చింది. మీ నాన్నగారు గుమ్మంలో దగ్గినప్పుడు చాలామంది ముక్కులు ముడుచుకున్నాయి. ఒకావిడ పిల్లాడి కంచం పక్కకు జరిపారు. అక్కర్లేనిదాని చుట్టూ గోడ కట్టమన్నది మీరే."

"ఆయన దగ్గుతున్నదే ఇలాంటి గాలి పీల్చి."

"అది మొహాల్లో కనబడదండి. ఫిర్యాదులు మాత్రం ఒక్కటీ లేవు. మీ నాన్నగారు కూడా సంతోషంగానే ఉన్నారు."

నిజమే, సంతోషంగానే ఉన్నాడు. గోడ ఆయన్ని కాపాడుతూనే ఉంది. కానీ అది కట్టింది ఆయన కోసం కాదు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట యంత్రం మీదో, జనం మీదో, తన మీదో అర్థం కాలేదు. గబగబా హాలు మధ్యకు నడిచి, అందరికీ వినబడేలా ఆజ్ఞ ఇచ్చింది.

"ఆయన చుట్టూ తీసెయ్. గొట్టాలున్న బల్ల చుట్టూ కట్టు."

నీలి గది కరిగి, పుట్టినరోజు బల్ల చుట్టూ లేచింది. ఉన్న ఆవిరిని కప్పులోని రంధ్రాలు పీల్చేశాయి. హాల్లో మొగలిపువ్వు వాసన ఆగిపోయింది, పుట్టినరోజు బల్ల సందడీ అణిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అప్పలకొండ దగ్గు ఒకసారి గట్టిగా వినబడింది. చెంచాలు ఆగాయి. కామేశం చేతులు నలుపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్‌గారూ, వాళ్ళు రోజూ వచ్చే కస్టమర్లండీ. ఎవరికీ లేని ఇబ్బంది మీకెందుకండీ?"

ఒక్కొక్క తలా తిరిగింది. ఒక్కొక్క ముక్కూ ముడుచుకుంది. ముసలాయన వైపు కాదు, ఆవిడ వైపు. మంచి సాయంత్రాన్ని పాడుచేసిన మనిషి వైపు.

మొహానికి చల్లగా ఏదో తగిలింది. కామేశం పెదవులు కదులుతున్నాయి గానీ మాట దూరంగా వినబడుతోంది. నూకరత్నం చుట్టూ చూసుకుంది. ఆవిడ పక్కనున్న ఖాళీ బల్లతో సహా, నాలుగు వైపులా నీలి వెలుగు. ఆవిడ ఎన్నో ఏళ్ళు కష్టపడి కట్టిన అద్భుతం ఆవిడ చుట్టూనే నిలబడి ఉంది. లోపలినుంచి చూస్తే ఇంకా అందంగా ఉంది. అవతల పుట్టినరోజు బల్ల చుట్టూ ఉన్న గోడ పలచబడి మాయమైంది. వెండి గొట్టాలు మళ్ళీ పైకి లేచాయి.

అప్పలకొండ లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పాత అలవాటు కొద్దీ పులుసు గిన్నె మీద చిన్న ప్లేటు బోర్లించి, వేపుడు కంచం ఎడమ ముంజేతి మీద నిలబెట్టి, హాలు మధ్యలోంచి నింపాదిగా నడిచి వచ్చాడు. ఆవిరి ముసురుతున్నా మధ్యలో ఆగలేదు. నీలి పొర దాటి లోపలికి వచ్చాకే దగ్గాడు, చాలాసేపు.

దగ్గు తగ్గాక కంచం ఖాళీ బల్ల మీద పెట్టి, కుర్చీ లాగి, కూతుర్ని కూర్చోమన్నాడు. ఆవిడ ముందు వంజరం ముక్క వడ్డించి, నీలి గోడను ఓసారి ఎగాదిగా చూశాడు.

"నాను దగ్గినాను, నాకు కట్టీసింది, అది బాగానే ఉంది" అన్నాడు. "నువ్వు దగ్గనేదు గదే రత్నం. నీకెందుకు కట్టింది?"

ఆవిడ చేతిలోని ట్యాబ్‌ను బల్ల మీద బోర్లించింది.

"కొత్త ఫిర్యాదులేవీ లేవండి" అంది పవనిక, ఆవిడ చెవిలో, చాలా మర్యాదగా.